డిస్కో యతి గారికి ఒక నిందాస్తుతి

మంచుకొండ స్వామీ,

నమస్కారం. నేను టాంపాలో ఉంటాను, సొంతూరు విశాఖపట్నం. నీకు గుర్తుండే అవకాశం లేదు. గంటకు యాభై మైళ్ల వేగంతో నీ కింద నుంచి అరుచుకుంటూ పోయే జనంలో ఒకణ్ణి. నేను మాత్రం నిన్ను సరిగ్గా చూశానా? మన పరిచయం మొత్తం కలిపితే ఓ అర నిమిషం ఉంటుందేమో, అదీ ఇన్నిసార్లు ఎక్కబట్టి.

2006 ఏప్రిల్ 7న ఓర్లాండో దగ్గర డిస్నీ వాళ్ల యానిమల్ కింగ్‌డమ్ పార్కులో, లోపల రైలు తిరిగే నీ కొండ తెరిచారు. పేరు ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్. ఎత్తు 199.5 అడుగులు. 200 అయితే విమానాల కోసం నెత్తిన ఎర్ర లైటు పెట్టాలట. హిమాలయం మీద ఎర్ర బల్బేంటని అర అడుగు తగ్గించుకున్నారు. లోపల నువ్వు, హిమాలయాల కథల్లో వినిపించే మంచుమనిషి యతివి, యంత్రంతో ఆడే బొమ్మవి, ఇరవై అయిదు అడుగుల ఒళ్లు. రైలు గుహలోకి రాగానే ముందుకు ఉరికి చెయ్యి విసిరేవాడివట. తొలి రోజుల్లో చూసినవాళ్లు ఆ సంగతి చెబుతుంటే, మా తాతగారు ఎన్టీఆర్‌ని దగ్గర్నుంచి చూశానని చెప్పినట్టే ఉంటుంది. ఎంతో కాలం కాలేదు, నువ్వు ఆగిపోయావు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. నీ మీద మెరుపు లైట్లు టపటపా కొట్టించి, కదిలినట్టు అనిపించేలా సర్దుబాటు చేశారు. అభిమానులు ఊరుకుంటారా, ‘డిస్కో యతి’ అని పేరు పెట్టి టీషర్టులు వేయించుకున్నారు.

మా భాషలో యతి అంటే సన్యాసి. ఆ లెక్కన నువ్వు చేస్తున్నది ఉద్యోగమే, వంక పెట్టడానికి లేదు. కదలకుండా, పలకకుండా, ఒంటిచేతి తపస్సు. పద్యంలో ఇంకో యతి ఉంది. అది తప్పితే కవిని ఏకిపారేస్తారు. ఇక్కడ యతికే భంగం వచ్చింది, ఎవర్ని ఏకాలో తెలీక నీకే రాస్తున్నాను. మా వైపు ఇది అలవాటే. సింహాచలం మీదకి సైన్యం వస్తుంటే, కదలవేం స్వామీ అని అప్పన్నని పద్యాలతో కడిగిపారేసిన కవి ఉన్నాడు. ఆ తిట్లకి రోషం వచ్చి తుమ్మెదల దండుని పంపి సైన్యాన్ని తరిమేశాడని చెప్పుకుంటారు. నువ్వు తుమ్మెదల్ని పంపొద్దు. ఆ చెయ్యి ఒక్కసారి దించు చాలు, నొప్పెట్టదా?

నీకూ నాకూ చుట్టరికం కూడా ఉంది. నువ్వున్న ఆ ఉత్తుత్తి రాజ్యం పేరు ఆనందపూర్. మా విశాఖ పక్కన హైవే మీద నిజం ఆనందపురం ఉంది, పూలకి పేరు. అక్కడ యతులెవరూ లేరు, చామంతులున్నాయి.

మొన్నామధ్య మా అమ్మ వచ్చింది. సరిగ్గా అంతకు ముందు వారమే ఒకాయన నాతో, “ఈసారి కదులుతోందట, మా వాడు చూశాడు” అన్నాడు. మా వాడంటే ఎవరో కాదు, పార్కులో పనిచేసే ఒకతని బావమరిదికి స్నేహితుడు. ఇంతకన్నా గట్టి ఆధారం ఏం కావాలి? అమ్మని బయల్దేరదీశాను. కొండ చూడగానే “మెట్లున్నాయా?” అంది. రైలని చెప్పాను. రోలర్ కోస్టర్ అని చెప్పలేదు, అది నా తప్పే. లైన్లో గంటలు కనిపిస్తే మోగించింది. నీ పేరుతో పెట్టిన మ్యూజియంలో పాదముద్ర ముందు ఒక నిమిషం ఆగింది. తర్వాత పట్టాలు తెగిపోయి రైలు చీకట్లో వెనక్కి జారింది చూడు, అప్పుడు నా మోచెయ్యి పట్టుకుని “నరసింహా నరసింహా” మొదలెట్టింది. అలా నామం చదువుతుండగానే నీ దర్శనం అయింది.

దిగాక రెండు గుక్కల నీళ్లు తాగి, “అంత పెద్దాయన్ని చీకట్లో పెట్టారేంట్రా? ఆ ట్యూబ్‌లైట్ కూడా కొట్టుకుంటోంది. స్టార్టర్ పోయుంటుంది, చెప్పు వాళ్లకి,” అంది.

“ఆయన కదిలాడామ్మా?”

“మనమే కదిలాం కదరా.”

కారెక్కాక విషయం మొత్తం చెప్పాను. కాసేపు ఆలోచించి, “మన అప్పన్న నయం, ఏడాదికి ఒక్కరోజైనా నిజరూపం చూపిస్తాడు” అంది. నాకు మాట రాలేదు స్వామీ.

అయినా నీ మీద పుకార్లు ఆగుతాయా? మరమ్మతుల కోసం కొండ మూస్తున్నారని తెలిస్తే చాలు, మా ఊళ్లో పెళ్లి కుదిరినంత సందడి. ఈసారి యతి కోసమే! తెరిచాక చూస్తే ఇంకేదో బాగుచేసి ఉంటారు. పోనీ ఎందుకు ఆగిపోయావో చెప్పగలమా? పునాది బీటలిచ్చిందని ఒకడు, ఒళ్లు మరీ బరువని ఒకడు. మూడోవాడు బాగా చదువుకున్నవాడు. కొండ, పట్టాలు, నువ్వు ఒకదానికొకటి తగలకుండా మూడూ విడివిడి కట్టడాలు, కాబట్టి నిన్ను బయటికి తియ్యాలంటే కొండ విప్పాలి అంటాడు. అంత తెలిసినవాడికి ఇంకేం చెబుతాం, కాఫీ ఇప్పించాను. నిన్ను పుట్టించిన డిస్నీ డిజైనర్ జో రోడీ 2013లో అభిమానుల సభలో, ఎప్పటికైనా బాగుచేస్తానని మాటిచ్చాడు. 2021 మొదట్లో ఆయన రిటైరయ్యాడు. నువ్వు మాత్రం ఇంకా డ్యూటీలోనే.

ఇదంతా విని కుంగిపోకు. నీకన్నా దీనస్థితిలో ఉన్నవాడు ఆ పార్కులోనే ఉన్నాడు, డ్రాగన్. 1998లో పార్కు తెరిచినప్పుడు పార్కు గుర్తు బొమ్మలో ఏనుగు, సింహం పక్కన వాణ్ణి కూడా దర్జాగా నిలబెట్టారు. పురాణ జంతువులకి బీస్ట్లీ కింగ్‌డమ్ అని ఒక పేట కడతామన్నారు. కట్టలేదు. పార్కింగులో ఒక భాగానికి యూనికార్న్ అని పేరైతే పెట్టారు. పేట రాకపోయినా కారు పెట్టుకోవచ్చు. ఏళ్ల తరబడి ‘వచ్చేస్తోంది, వచ్చేస్తోంది’ అని నాలాంటి వాళ్లు జపం చేశారు. చివరికి 2017లో ఆ జాగాలో అవతార్ సినిమాలోని లోకం పాండోరా తెరిచారు, నీలం మనుషులు దిగారు. నువ్వు కదలకపోయినా ఉన్నావు. వాడు పుకారుగానే పుట్టి పుకారుగానే పెద్దవాడయ్యాడు.

ఇక అసలు కబురు. నీ కొండకి కాస్త ఆవల డైనోసార్ల పేట తీసేసి, ఉష్ణమండల అమెరికా కడుతున్నారు. 2027కి తెరుస్తామన్నారు. 2024 ఆగస్టులో చెప్పిన దాని ప్రకారం, అక్కడ మాయా నాగరికత వాళ్ల గుడి ఒకటి వస్తుంది. అందులోకి సినిమాల్లోని సాహసి ఇండియానా జోన్స్ వస్తాడు. ఎందుకు వస్తాడయ్యా అంటే, గుడి లోపల ఏదో పురాణ జంతువు ఉందని విన్నాడట. గమనించావా స్వామీ? విన్నాడట! పురావస్తు శాస్త్రం చదివిన మనిషి కూడా పుకారు పట్టుకునే బయల్దేరాడు. నన్ను ఇంట్లో ఎన్ని మాటలన్నారు!

ఆ జంతువు పేరు ఆ రోజు చెప్పలేదు. నిప్పుకి నెయ్యి పోసి వెళ్లిపోయారు. రాత్రికి రాత్రి మావాళ్లంతా మాయా పురాణ పండితులైపోయారు. ఈకలున్న పాము కుకుల్కాన్ అని ఒక వర్గం. గరుత్మంతుడూ వాసుకీ రాజీపడి ఒకే ఒంట్లో కాపురం పెడితే ఎలా ఉంటుందో అలా అన్నమాట. కాదు, గబ్బిలం దేవర కమజోట్స్ అని ఇంకో వర్గం. ఈ రెండు వర్గాల మధ్య మాటలు లేవు. ఇక కౌంటీలో దాఖలయ్యే పని నోటీసుల్ని వీళ్లు చదివే తీరు చూడాలి. వాటిలో మామూలుగా ఉండేది ఒకటే వాక్యం: నిర్మాణానికి కూలీ, సామగ్రి, కరెంటు పని. అందులో ‘కరెంటు’ దగ్గర ఆగి, అంటే జంతువుకి కళ్లు వెలుగుతాయి అని తేల్చినవాణ్ణి నాకు తెలుసు. తెలుసంటే, నేనే.

అందుకే నీకో పని అప్పగిస్తున్నాను. కొత్తగా వచ్చేది పామైనా గబ్బిలమైనా, నువ్వే పెద్ద దిక్కు. పిలిచి నాలుగు మాటలు చెప్పు. మొదటి నెల మరీ అంత హుషారుగా ఊగొద్దని చెప్పు. ఊగితే దాన్నే నిజరూపం అంటారు, తర్వాత ఎంత ఊగినా చాలదు. లైట్లు మారుస్తామని ఎవరైనా వస్తే ఒప్పుకోవద్దని చెప్పు. డ్రాగన్ సంగతి మాత్రం ఎత్తకు, పిల్లది జడుసుకుంటుంది.

ఇక ఉంటాను. అమ్మ విశాఖ వెళ్లాక కూడా వారానికోసారి ఫోన్లో “ఆ పెద్దాయన స్టార్టర్ మార్చారా?” అని అడుగుతోంది. కనుక్కుని చెబుతానన్నాను. ఇది రాస్తుండగానే కబురొచ్చింది, నీ కొండకి వెనకవైపు పరంజా కట్టారట. రంగులు వేయడానికేనని ఒకడన్నాడు. వాడికేం తెలుసు? శనివారం పొద్దున్నే వస్తున్నాను.

ఇట్లు,
నీ పక్క నుంచి వెనక్కీ ముందుకీ పోయే
ఒక భక్తుడు