మా పుట్టింటి అన్నం హస్తానికి

మహారాజశ్రీ వడ్డన గరిటె అన్నం హస్తం గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. అంటే తమరు కుశలం. మావాడు మాత్రం నిన్న సాయంత్రం దాకా మంచం మీద వెల్లకిలా పడి కదల్లేదు.

వాడికి 11 ఏళ్లు. స్కూల్లో బరువు చూసి కార్డు పంపినప్పటి నుంచి నేనూ వాడూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. అన్నం వాడి గుప్పెడంత, కూర రెండు గుప్పెళ్లు. ఇంకా కావాలనిపిస్తే కాసేపు ఆగడం, ఎందుకంటే కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి ఓ 20 నిమిషాలు పడుతుందట. వాడే గుప్పిట బిగించి పళ్ళెం పక్కన పెట్టి కొలుచుకునేవాడు. 'లావు' అనే మాట ఇంట్లో ఎత్తొద్దని వాళ్ల నాన్నకి వార్నింగ్ కూడా ఇచ్చాను. ఐదు వారాలు బాగానే నడిచింది.

తమరు మూడు నిమిషాల్లో తేల్చేశారు.

ముద్దపప్పు దగ్గర వాడు మర్యాదగానే "చాలు అమ్మమ్మా" అన్నాడు. వినలేదు. రెండు చేతులూ పళ్ళేనికి అడ్డం పెట్టాడు. చేతుల మీదే వేశారు! ఏ గుప్పిటతో కొలవమని నేర్పానో దాని మీదే, పొగలు కక్కే అన్నం. వాడు చెయ్యి లాక్కోగానే ఖాళీ కనబడిందని ఇంకోసారి. పైగా ఒక్కసారే వడ్డించకూడదని శాస్త్రమట. ఏ శాస్త్రమండీ అది? హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2024లో చెప్పిన దాంట్లో పళ్ళెంలో సగం కూరగాయలూ పళ్లూ ఉండాలి. తమరి లెక్కలో కూర అంటే అన్నం తడవడానికి.

తప్పంతా తమరిదే అనను. నెయ్యి గిన్నె ఉంది. బిస్కెట్ ప్యాకెట్ మీద 'ఒక సర్వింగ్' అని రాసినంతే తిని లేచిన మనిషిని ఎవరైనా చూపిస్తే దండం పెడతాను. ఆటల పీరియడ్ మింగేసే లెక్కల సారుకి విడిగా ఉత్తరం రాస్తాను.

కానీ నిన్ను మాత్రం వదలను. 11 ఏళ్ల పిల్లాడు, ఎదురుగా ఆవకాయా నెయ్యీ పెట్టుకుని, తనంతట తాను చాలన్నాడు. ఆ మాట నాకు 40 ఏళ్లొచ్చినా నోట్లోంచి రాదు. నువ్వేమో దాన్ని మొహమాటం అనుకున్నావు. కుమ్మరించేదాకా కుమ్మరించి, వాడు వదిలేయబోతే అన్నం పారేస్తే కళ్లు పోతాయని బెదిరింపు! ఎంత పెట్టాలో నీ ఇష్టం, ఊడ్చి తినాల్సింది మాత్రం వాడా? సిగ్గులేదూ?

నీ కథ నాకు తెలియక కాదు. మా అమ్మకి వాళ్లమ్మ ఇచ్చిన ఇత్తడి హస్తానివి. ఆరుగురు పిల్లలకి ఒక్క గిన్నె అన్నం మెతుకు తేడా లేకుండా పంచావట. అప్పుడు కొలత బాగానే తెలుసు కదా! "ఇంకొంచెం" అని అడిగిన పిల్లలకి వేయలేక ఖాళీ గిన్నె గీకావు. ఆ బాకీ అంతా తెచ్చి మావాడి పళ్ళెంలో తీర్చుకుంటే ఎలా చెప్పు?

వచ్చే ఆదివారం మళ్లీ వస్తున్నాం. నిన్ను వాడి చేతికే ఇమ్మని అమ్మకి చెప్పాను. "మనవడికి అన్నం పెట్టుకునే రాత కూడా లేదన్నమాట" అని కొంగుతో కళ్లొత్తుకుంది. అయినా సరే, వాడే వడ్డించుకుంటాడు.

ఇట్లు,
ఈ ఇంటి ఆడపడుచు

తా.క. వాడు వదిలేసిన నాలుగు ముద్దలూ నేనే తిన్నాను. ఆ తర్వాత నాకూ వేశావు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.