నడవడానికి ఇంత తతంగమా?

అడుగులు లెక్కపెట్టే పరికరం కొందామని చూస్తే, నడకకంటే ఎంపికకే ఎక్కువ ఆయాసం వస్తోంది! నాకు కావలసింది ఒక్క అంకె. అమ్మేవాళ్లేమో నిద్ర, ఒత్తిడి, వాతావరణం కూడా చూపిస్తామంటారు. పోనీ ఆ అంకైనా సరిగ్గా ఉంటుందా? మణికట్టు పట్టీ గమనించేది కాళ్లను కాదు, చేతి ఊపును. కూర్చుని చేతులాడించినా ఒక్కోసారి అడుగులు కలిపేస్తుంది. తోపుడు బండి పట్టుకుని ఎంత నడిచినా చాలా అడుగులు మింగేస్తుంది. నడుముకు తగిలించుకునే పాతరకం స్ప్రింగు మీటరేమో కాస్త పక్కకు వాలితే చాలు, అలుగుతుంది. పైగా ఎక్కడ చూసినా పదివేల అడుగుల లక్ష్యమే! అది 1965లో జపాన్‌లో ఇలాంటి మీటరును అమ్ముకోవడానికి వాడిన అంకె, వైద్యులు తేల్చింది కాదు. చాలా ఫోన్లలో అడుగులు లెక్కించే సెన్సర్ ముందే ఉంటుందన్న మాట మాత్రం ఏ అమ్మకందారూ నోరు జారి కూడా చెప్పడు.