ఏరుకోవడం వేరు, నేర్పడం వేరు

ఫిగర్ స్కేటింగ్‌లో ప్రదర్శన అయిపోగానే కెమెరా మంచు వదిలి ఒక సోఫా మీదికి వెళ్తుంది. 'కిస్ అండ్ క్రై' అంటారు ఆ చోటుని. మార్కులు వచ్చేదాకా స్కేటర్ పక్కన కోచ్ కూర్చుంటారు. గురువుని ఇంత బాహాటంగా తెర మీద కూర్చోబెట్టే ఆటలు అరుదు. అందుకే ఈ ఆటలో పతకం రాగానే సగం పేరు కోచ్ ఖాతాలో వేసేయడం అందరికీ అలవాటైపోయింది.

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ తీసుకోండి. అలీనా జగితోవా 239.57 మార్కులతో స్వర్ణం, ఎవ్‌గేనియా మెద్వెదేవా 238.26తో రజతం. ఫ్రీ స్కేట్‌లో, అంటే పోటీలోని రెండో, పొడవైన ప్రదర్శనలో, ఇద్దరికీ దశాంశాలతో సహా ఒకటే మార్కు, 156.65. ఇద్దరి కోచ్ కూడా ఒకరే, మాస్కోలోని సాంబో-70 క్రీడా పాఠశాలకి చెందిన ఎతెరి తుత్‌బెరీద్జె. నాలుగేళ్ల తర్వాత బీజింగ్‌లోనూ స్వర్ణం, రజతం ఆమె శిష్యురాళ్లకే దక్కాయి. అన్నా షెర్బకోవా, అలెగ్జాండ్రా త్రుసోవా. ఈ రెండు ఒలింపిక్స్ మధ్యలో, 2020లో, ఇంటర్నేషనల్ స్కేటింగ్ యూనియన్ మొట్టమొదటిసారి అవార్డులు పెట్టి ఉత్తమ కోచ్‌గా ఆమెనే ఎంచుకుంది. ఆ ఎంపిక తప్పు. పతకాలు లెక్కపెట్టి ఇచ్చిన బిరుదు అది. నేర్పినదాన్ని కొలిచి ఇచ్చి ఉంటే అది మరొకరికి వెళ్లేది.

కోచ్‌కి ఘనత ఎంత అని తేల్చాలంటే ముందు కోచ్ చేసే పనిని దగ్గరికెళ్లి చూడాలి. లట్జ్ అనే జంప్ ఉంది. స్కేటర్ ఎడమ కాలి మీద, వెనక్కి, బ్లేడు బయటి అంచు మీద పొడుగాటి వంపులో జారుతూ వస్తుంది. కుడి బ్లేడు ముందు భాగంలో ఉండే పళ్లని, అంటే టో పిక్‌ని, మంచులో గుచ్చి పైకి లేవాలి. చిక్కంతా ఇక్కడే. జారుతున్న వంపు ఒకవైపుకి లాగుతుంటుంది, గాలిలో తిరగాల్సింది దానికి ఎదురువైపుకి. ఒళ్లు సహజంగా సులువైన దారి వెతుక్కుంటుంది. టో పిక్ గుచ్చే ముందు క్షణంలో ఎడమ చీలమండ లోపలికి వాలిపోయి, బ్లేడు లోపలి అంచు మీదికి దొర్లుతుంది. అలా దొర్లాక దూకింది లట్జ్ అనిపించుకోదు, ఫ్లిప్ అనే వేరే జంప్ అవుతుంది. స్కేటింగ్ వాళ్లు దీన్ని 'ఫ్లట్జ్' అంటారు. టెక్నికల్ ప్యానెల్ వీడియోని నెమ్మదిగా తిప్పి చూసి 'ఈ' (e) గుర్తు పెట్టిందంటే ట్రిపుల్ లట్జ్, అంటే మూడు చుట్ల లట్జ్, విలువ 5.90 నుంచి 4.72కి పడిపోతుంది. ఆపైన జడ్జీలు నాణ్యత మార్కుల్లో మరికొంత కోస్తారు.

ఈ తప్పు తొమ్మిదో పదో ఏట, సింగిల్ నుంచి డబుల్‌కి వెళ్లేటప్పుడే ఒంట్లో పాతుకుంటుంది. కోచ్ పిల్ల వెనక నిలబడి, పైకి లేచే క్షణంలో చీలమండ ఎటు వాలుతోందో రోజూ చూస్తేనే పట్టుబడుతుంది. ట్రిపుల్ వచ్చేశాక దిద్దాలంటే ఆ జంప్‌ని నెలల తరబడి పక్కన పెట్టాలి. బయటి అంచు మీద ఊరికే నిలబడడం, తర్వాత ఒక్క చుట్టు, ఆ తర్వాత రెండు, ఇలా మొదటి మెట్టు నుంచి రావాలి. అంటే ఒక సీజన్ పోయినట్టే. ఫెడరేషన్ నుంచి, తల్లిదండ్రుల నుంచి ఒత్తిడి ఉన్న కోచ్ ఆ సీజన్ వదులుకోడు. వదులుకున్న కోచ్‌కి ఆ ఏడాది పేరు రాదు, ఒక్కోసారి పిల్లే వేరే రింక్‌కి వెళ్లిపోతుంది. నా దృష్టిలో ఈ ఆటలో కోచ్‌కి ఇవ్వాల్సిన ఘనతంతా ఆ వదులుకున్న సీజన్‌లోనే ఉంది.

ఇప్పుడు క్వాడ్, అంటే నాలుగు చుట్ల జంప్, సంగతి. నాలుగు చుట్లు తిరగడానికి గాలిలో దొరికేది సుమారు 0.7 సెకను. ఆ కాస్త సమయంలో చుట్లు పూర్తి కావాలంటే దారులు రెండే. బాగా ఎత్తుకి ఎగరాలి, లేదంటే బాగా వేగంగా తిరగాలి. ఎత్తు రావాలంటే మోకాలి వంపు, తొడ బలం, మంచు మీద ముందే పోగేసుకున్న వేగం కావాలి. వీటికి ఏళ్లు పడతాయి. వేగానికి అంత కాలం అక్కర్లేదు. పదమూడేళ్ల పిల్ల ఒళ్లు సన్నటి కడ్డీలా ఉంటుంది, తుంటి ఇంకా వెడల్పు కాలేదు. చేతులు ఛాతీకి అదుముకుంటే చాలు, బొంగరంలా నిమిషానికి 300 చుట్లు దాటిన వేగంతో తిరుగుతుంది. దానికి తోడు, కాలు మంచు వదలకముందే బ్లేడుని, భుజాలని తిప్పేసి కొంత చుట్టు కిందే పూర్తి చేసుకునే పద్ధతి ఒకటి ఉంది. ఈ రెండూ కలిస్తే పెద్దగా ఎత్తు లేకుండానే క్వాడ్ పడుతుంది.

రెండేళ్లు గడుస్తాయి. పిల్ల పొడుగవుతుంది, తుంటి వెడల్పవుతుంది. అదే జంప్, అదే ప్రయత్నం, కానీ తిరిగే వేగం తగ్గుతుంది. చుట్టు పావుకి మించి తక్కువపడితే జంప్ విలువలో 80 శాతమే చేతికొస్తుంది. అర చుట్టు తక్కువైతే క్వాడ్ కాస్తా ట్రిపుల్‌గా లెక్కవుతుంది. మార్కులు పోతే పోనీ అనుకోవచ్చు, నడుమూ చీలమండా పోతే ఎలా? దిగేటప్పుడు ఒక్క కాలి మీద శరీర బరువుకి ఐదారు రెట్లు, కొన్నిసార్లు ఎనిమిది రెట్ల దాకా బరువు పడుతుంది. సరిగ్గా తిరగకుండా దిగితే ఆ భారమంతా మెలికపడిన నడుము మోయాలి. అప్పుడు ఆ పిల్లకి మిగిలే ఉపాయం తిండి తగ్గించడం.

తుత్‌బెరీద్జె శిష్యురాళ్లనే చూడండి. యూలియా లిప్నిత్స్కయా 2014 సోచిలో పదిహేనేళ్లకి టీమ్ స్వర్ణం గెలిచింది. తిండి మానేసే జబ్బు అనోరెక్సియాకి చికిత్స తీసుకుని, 2017లో, పంతొమ్మిదేళ్లకి ఆట మానేసినట్టు ప్రకటించింది. జగితోవా పదిహేనేళ్లకి ఒలింపిక్ చాంపియన్, పదిహేడేళ్లకి పోటీలు ఆపేసింది. షెర్బకోవా పదిహేడేళ్లకి స్వర్ణం గెలిచింది, ఆ తర్వాత పెద్ద పోటీల్లో కనిపించలేదు. త్రుసోవా బీజింగ్ ఫ్రీ స్కేట్‌లో ఐదు క్వాడ్‌లు దూకి, రజతం వచ్చిందని తెలియగానే ఈ ఆటంటే అసహ్యమని కెమెరాల ముందే ఏడ్చింది. ఆ రాత్రే కమీలా వలీవా, పదిహేనేళ్ల పిల్ల, నిషేధిత గుండె మందు ట్రైమెటాజిడిన్ వివాదం నెత్తి మీద పెట్టుకుని మంచు మీదికి వచ్చి పదే పదే పడింది. బయటికి రాగానే కోచ్ తుత్‌బెరీద్జె అడిగిన మొదటి మాట, ఎందుకు పోరాటం వదిలేశావని. ప్రపంచమంతా ఆ దృశ్యం చూసింది. చూసి కలత చెందానని అప్పటి ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడు థామస్ బాక్ మర్నాడు చెప్పారు. 2024 జనవరిలో క్రీడా న్యాయస్థానం నాలుగేళ్ల నిషేధం వేసింది కూడా ఆ పిల్ల మీదే. గెలిస్తే కోచ్ మహిమ, పడితే పిల్ల చేతకానితనం. ఘనత పంచుకునే లెక్క ఇలా ఉంటే ఆ లెక్కే తప్పు.

అటువైపు వాదనా ఉంది. ఒకే రింక్ నుంచి వరసగా రెండు ఒలింపిక్స్‌లో స్వర్ణం, రజతం అదృష్టం కొద్దీ వస్తాయా అంటారు. రావు, ఒప్పుకుంటాను. 2018లో ప్రోగ్రామ్ ద్వితీయార్ధంలో దూకిన ప్రతి జంప్‌కీ 10 శాతం అదనం ఉండేది. జగితోవా ఫ్రీ స్కేట్‌లో ఏడు జంప్‌లనీ ద్వితీయార్ధంలోనే పెట్టడం నియమావళిని క్షుణ్ణంగా చదివిన బుర్ర చేసిన పని. ఆ దెబ్బకే అదనాన్ని చివరి మూడు జంప్‌లకి కుదించాల్సి వచ్చింది. కానీ ఆ ప్రోగ్రామ్‌లోనే, మొదటి లట్జ్ వెనక కలపాల్సిన ట్రిపుల్ లూప్ అనే జంప్ కుదరక, దాన్ని తర్వాతి లట్జ్‌కి తగిలించింది ఎవరు? నాలుగు నిమిషాల పాటు మంచు మీద ఒంటరిగా ఉన్న పిల్ల.

పైగా ఆ పిల్లలు ఎక్కడివాళ్లో చూడండి. జగితోవా ఇజెవ్‌స్క్ పిల్ల, వలీవా కజాన్, త్రుసోవా ర్యాజాన్, లిప్నిత్స్కయా యెకతెరిన్‌బుర్గ్. ఎక్కడో ఎవరో స్కేట్లు కట్టి, పడి లేవడం నేర్పి, అంచులు దిద్ది పంపినవాళ్లు. అంత పెద్ద దేశంలోని ఆణిముత్యాలన్నీ ఒక్క రింక్ తలుపు ముందు వరస కడితే, వాళ్లలోంచి ఒకరిద్దరిని గెలిపించడం కష్టమే, కాదనను. దాన్ని ఏరుకోవడం అనాలి.

నేర్పడం అంటే జపాన్‌లోని కోబె నగరానికి వెళ్లాలి. కావోరి సకమోటో చిన్నప్పటి నుంచీ కోచ్ సోనోకో నకనో దగ్గరే నేర్చుకుంది. ఆమె ప్రోగ్రామ్‌లో క్వాడ్ లేదు, ముందుకి చూస్తూ లేచి మూడున్నర చుట్లు తిరిగే ట్రిపుల్ ఆక్సెల్ కూడా లేదు. 2022, 2023, 2024లో వరసగా మూడు ప్రపంచ టైటిళ్లు. మహిళల్లో 1960లలో అమెరికన్ స్కేటర్ పెగ్గీ ఫ్లెమింగ్ తర్వాత అది ఎవరికీ సాధ్యం కాలేదు. యుద్ధం వల్ల నిషేధం పడి ఆ మూడేళ్లూ రష్యన్లు లేరు కదా అంటారు. రష్యన్లు ఉన్న బీజింగ్‌లోనే ఆమె కాంస్యం గెలిచింది. ఆమె డబుల్ ఆక్సెల్ ఒక్కటి చూస్తే చాలు, నకనో ఏం చేశారో తెలుస్తుంది. డబుల్ ఆక్సెల్ విలువ కేవలం 3.30, పెద్ద పోటీలకొచ్చే ప్రతి అమ్మాయీ దూకుతుంది. చాలామంది దూకే ముందు వేగం తగ్గించుకుంటారు, భయం. సకమోటో వేగం తగ్గించకుండా వస్తుంది, మోకాలు లోతుగా వంచి ముందుకి లేస్తుంది, పైకెంత వెళ్తుందో అడ్డంగా అంతకు మించి వెళ్తుంది, దిగాక కూడా అదే వేగంతో వెనక్కి జారిపోతుంది. జడ్జీలందరూ నాణ్యతకి +5 వేస్తే ఆ చిన్న జంప్‌కి 1.65 కలుస్తుంది. ఒళ్లు పెరిగినకొద్దీ బలపడే జంప్ అది. 2025లో, ఇరవై ఐదేళ్లు నిండడానికి కొద్ది రోజుల ముందు, ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చింది.

టొరంటోలో కోచ్ బ్రయాన్ ఓర్సర్ పేరు చెప్పగానే అందరూ యుజురు హన్యూ రెండు ఒలింపిక్ స్వర్ణాలు చూపిస్తారు. నేనైతే హావియెర్ ఫెర్నాండెజ్‌ని చూపిస్తాను. హన్యూ టొరంటో చేరేసరికే, 2012లో, నీస్‌లో పదిహేడేళ్లకి ప్రపంచ కాంస్యం గెలిచి ఉన్నాడు. అతని ఆక్సెల్ జపాన్‌లోనే తయారైంది. ఫెర్నాండెజ్ 2010 వాంకూవర్‌లో పద్నాలుగో స్థానం. మరుసటేడు, ఇరవై ఏళ్లకి ఓర్సర్ దగ్గర చేరి, 2015, 2016లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఫిగర్ స్కేటింగ్‌లో స్పెయిన్‌కి అంతకు ముందు ఒక్క ప్రపంచ టైటిల్ లేదు. ఆ రింక్‌లో చాంపియన్లు సైతం ఓర్సర్ తోటి కోచ్ ట్రేసీ విల్సన్ దగ్గర అంచులు, క్రాస్‌ఓవర్లు (కాలు మీద కాలు దాటిస్తూ జారడం) గుంపుగా సాధన చేయాల్సిందే.

2025 బోస్టన్ ప్రపంచ పోటీల్లో ఎలీసా లియూ గెలిచినప్పుడు ఆ సోఫా మీద ఫిలిప్ డిగుగ్లియెల్మో, మాసిమో స్కాలీ కూర్చున్నారు. పదహారేళ్లకే ఆట మానేసి రెండేళ్ల తర్వాత తిరిగొచ్చిన పిల్ల, సంగీతం దగ్గర్నుంచి దుస్తుల దాకా తన మాటే చెల్లాలంటే సరేనన్న కోచ్‌లు వాళ్లు. వాళ్లకి ఘనత ఇవ్వాల్సిందే. కానీ రెండేళ్లు మంచుకి దూరంగా ఉన్నా చెక్కుచెదరని ఆ జంప్‌ల పునాది చిన్నప్పుడు లారా లిపెట్స్కీ వేసింది. ఆవిడ ఆ సోఫా మీద లేరు.

ఇదంతా చదువుతుంటే మన ఊళ్లలో మే, జూన్ నెలల హోర్డింగ్‌లు గుర్తు రాకుండా ఉండవు. ఒకటో ర్యాంకు మాదే, రెండో ర్యాంకు మాదే, మొదటి పదిలో ఇంతమంది మావాళ్లే అని టీవీలో ఊపిరి తిరగకుండా అరుస్తారు. ఆ ర్యాంకరు పదో తరగతి దాకా ఏ జిల్లా పరిషత్ స్కూల్లో, ఏ మాస్టారి దగ్గర భిన్నాలు నేర్చుకున్నాడో హోర్డింగ్ మీద ఉండదు. ప్రవేశ పరీక్ష పెట్టి ఏరుకుని, మంచి లెక్చరర్లందరినీ ఆ ఒక్క సెక్షన్‌కి పంపి, మిగతా సెక్షన్లలో ఫీజులు వసూలు చేసుకునే పద్ధతి ఎవరికి తెలియదు? మధ్యలో మానేసి ఇంటికెళ్లిపోయిన పిల్లల ఫొటోలు ఏ ప్రకటనలోనూ రావు. క్రీడల్లోనూ అంతే. 1985 నుంచి ఇస్తున్న ద్రోణాచార్య అవార్డుకి ప్రధానంగా చూసేది గత నాలుగేళ్లలో శిష్యులు తెచ్చిన పతకాలు. తొమ్మిదేళ్ల పిల్ల చీలమండ దిద్దిన మనిషి ఫలితం నాలుగేళ్లలో రాదు, పన్నెండేళ్లు పడుతుంది.

స్కేటింగ్ యూనియన్ 2022లో సీనియర్ల కనీస వయసుని 15 నుంచి 17కి పెంచుతూ నిర్ణయం తీసుకుంది, 2024-25 నుంచి అది పూర్తిగా అమల్లోకి వచ్చింది. మంచిదే, సరిపోదు. కోచ్ పేరు పక్కన పతకాలతో పాటు ఇంకో మూడు అంకెలు అచ్చు వేయాలి: పదేళ్లలోపు చేరిన పిల్లలెంతమంది, వాళ్లలో పద్దెనిమిదేళ్లకి ఇంకా స్కేట్ చేస్తున్నవాళ్లెంతమంది, ఈలోపు ఆపరేషన్ బల్ల ఎక్కినవాళ్లెంతమంది. రేపు జూన్‌లో అడ్మిషన్ ఫారం చేతిలో పెట్టినప్పుడు మన తల్లిదండ్రులు కూడా ర్యాంకుల పుస్తకం పక్కకి జరిపి అడగాల్సింది అదే. పోయినేడు ఇక్కడ చేరినవాళ్లలో ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు? ఎందుకు వెళ్లిపోయారు?