లావుగా ఉన్నవాళ్లకు ఆ పాత బీపీ బిళ్ల ఇంకా ఎందుకు?

ఏ మెడికల్ షాపు దగ్గరైనా పది నిమిషాలు నిలబడండి. ఓ పెద్దాయన జేబులోంచి నలిగిన ఖాళీ షీటు ముక్క తీసి, "ఇవే, నెలకి సరిపడా ఇవ్వు" అంటాడు. షాపతను పేరు చదివి డబ్బా లాగుతాడు. చీటీ అడగడు, బీపీ ఎంతుందని అడగడు. ఆ ముక్క మీద అటెనొలాల్ పేరు ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. పెద్దాయన చొక్కా గుండీలేమో పొట్ట దగ్గర పట్టు తప్పేలా ఉంటాయి.

నా మాట సూటిగా చెప్పేస్తాను. ఊబకాయం ఉన్న మనిషికి, గుండెజబ్బు లాంటి వేరే కారణం లేకపోతే, బీపీకి అటెనొలాల్ మొదటి మందు కాకూడదు. ఎప్పుడో మొదలుపెట్టి ఉంటే ఆ చీటీని డాక్టరు మళ్లీ చూడాలి.

లావుకీ బీపీకీ ఉన్న సంబంధం తెలియనిది కాదు. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు ఊరికే పడి ఉండదు. రక్తనాళాల్ని బిగించే యాంజియోటెన్సిన్‌కి కావలసిన ముడిసరుకును అదీ కొంత తయారుచేస్తుంది. కిడ్నీలు ఉప్పును బయటికి పోనివ్వవు. పైగా షుగర్ గుమ్మం దాకా వచ్చేసి ఉంటుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతానికి బీపీ, 39.5 శాతానికి పొట్ట లావు. ఈ రెండు గుంపుల్లోనూ ఉన్నవాళ్ల గురించే నా బాధ.

అటెనొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తుంది, బీపీ అంకె దిగుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి కాస్త తగ్గుతుంది, నాలుగడుగులు వేగంగా వేస్తే నీరసం వస్తుంది, సగటున కిలో పైచిలుకు బరువు పెరుగుతుంది. కిలోయే కదా అనొచ్చు. రోజూ నడవమని చెప్పేదీ ఆ డాక్టరే, నడుస్తుంటే కాళ్లు లాగే మాత్ర రాసేదీ ఆ డాక్టరే. ఇదేం లెక్క?

అసలు దెబ్బ బరువు దగ్గర కాదు, షుగర్ దగ్గర. 2002లో వెలువడిన లైఫ్ అధ్యయనంలో 9 వేల మందికి పైగా రోగుల్లో సగం మందికి లోసార్టాన్ అనే మరో బీపీ మందు, సగం మందికి అటెనొలాల్ ఇచ్చారు. బీపీ రెండు వైపులా దాదాపు సమానంగానే తగ్గింది. అయినా లోసార్టాన్ వాడినవాళ్లలో పక్షవాతం 25 శాతం, కొత్తగా షుగర్ రావడం 25 శాతం తక్కువ. మూడేళ్ల తర్వాత 19 వేల మందితో యాస్కాట్ వచ్చింది. అందులో అటెనొలాల్ వైపువాళ్ల కంటే, ఆమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు వైపువాళ్లకు కొత్త షుగర్ 30 శాతం తక్కువ. మరణాల్లోనూ తేడా కనబడటంతో ఆ అధ్యయనాన్ని గడువుకు ముందే ఆపేశారు. 2006లో బ్రిటన్ అటెనొలాల్ జాతి మందులైన బీటా బ్లాకర్లను బీపీ మందుల మొదటి వరుసలోంచి తప్పించింది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో అత్యవసర మందుల జాబితాలోంచి అటెనొలాల్‌ను తీసేసింది. అదే జాబితాలోంచి అసిడిటీ మాత్ర రానిటిడిన్ పోయినప్పుడు టీవీల్లో గోలగోల అయింది, ఈ మాత్రను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఒప్పుకోని డాక్టర్లూ ఉన్నారు. ఏ మందైతేనేం, బీపీ తగ్గడమే ముఖ్యం, చవగ్గా దొరికే మాత్రను పదేళ్లుగా మానకుండా వేసుకుంటున్న మనిషిని కదిలించడం ఎందుకు అంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. గుండెపోటు వచ్చినవాళ్లకు, గుండె దడ ఉన్నవాళ్లకు బీటా బ్లాకర్లు కావాలి కూడా. ఇది చదివి ఎవరూ మాత్ర టక్కున మానేయకండి. అటెనొలాల్ ఒక్కసారిగా ఆపితే గుండె వేగం, బీపీ ఎగదన్నుతాయి. ఆ నిర్ణయం డాక్టరుదే. అయితే అసలు ఆ నిర్ణయం గురించి ఎవరైనా ఆలోచిస్తున్నారా అన్నదే నా ప్రశ్న.

మరి ఏది మేలు? నేనైతే ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ జోడీకే ఓటేస్తాను. ఆమ్లోడిపిన్‌కి బరువుతో పేచీ లేదు. అకంప్లిష్ అధ్యయనం లెక్కల్ని 2013లో బరువు ప్రకారం విడదీసి చూస్తే, ఈ మందు వాడినవాళ్లలో సన్నవాళ్లకూ లావువాళ్లకూ ఫలితం ఇంచుమించు ఒకటే. కాళ్ల వాపు దీని పెద్ద తలనొప్పి, టెల్మిసార్టాన్ తోడైతే అదీ కొంత తగ్గుతుంది. టెల్మిసార్టాన్‌తో కొవ్వు కరుగుతుందని కొందరు చెప్పుకునేది మాత్రం నమ్మకండి. గర్భిణులు దాని జోలికి పోకూడదు, కిడ్నీ, పొటాషియం పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. ఉప్పు, నీరు లాగేసే క్లోర్‌థాలిడోన్ షుగర్‌ను కాస్త పెంచుతుంది. అయినా మూడో మాత్రగా తక్కువ మోతాదులో బాగా పనిచేస్తుంది. తొలి విడతలోనే తెలంగాణ చేరిన జాతీయ బీపీ నియంత్రణ కార్యక్రమం కూడా ఈ మూడింటితోనే నడుస్తోంది. అంటే ఊరి ప్రభుత్వాసుపత్రిలో దొరికే వైద్యం కొన్ని ప్రైవేటు చీటీల కంటే మెరుగు. ఈ మాట రాస్తుంటే నాకు భలే ఆనందంగా ఉంది.

మాత్ర పేరు పక్కన పెడదాం. మన వైద్యం మనిషి కొలత చూడదు, అదీ నా అసలు కోపం. చీటీ రాసినప్పుడు 70 కిలోలున్న మనిషి ఇప్పుడు 92 అయ్యాడు, చీటీ మాత్రం అదే. బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టే పట్టీ సంగతీ అంతే. బక్కచేతికీ లావుచేతికీ ఒకటే పట్టీ. బాగా పెద్ద పట్టీ కావలసిన చేతికి మామూలు పట్టీ చుడితే పై అంకె సగటున 19 పాయింట్లకు పైగా ఎక్కువ చూపిస్తుందని 2023లో అమెరికాలో చేసిన అధ్యయనంలో తేలింది. 125 ఉన్న మనిషిని 144 అని రోగిని చేసేయొచ్చు. లేని బీపీకి మాత్ర, ఆ మాత్రకు బరువు, ఆ బరువుకు నిజమైన బీపీ.

మొన్న మా వీధి చివరి క్లినిక్‌లో పెద్ద పట్టీ ఉందా అని అడిగాను. ఉందట, బీరువాలో. తాళంచెవి నర్సమ్మ దగ్గరుందట, ఆవిడ ఆ రోజు సెలవు.