తాళం వేయమన్నా తప్పేనా?

ఇంట్లో చిన్నపిల్లలుంటే తుపాకీని తాళం వేసి పెట్టండి. 30, అంతకు మించి తూటాలు పట్టే మ్యాగజైన్లు మా ఊళ్లో వద్దు. తుపాకీ పట్టే అర్హత లేనివాడికి తెలిసి తెలిసి దాన్ని అందించొద్దు. 2022 డిసెంబర్‌లో అమెరికాలోని ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్ నగర కౌన్సిల్ చేసిన చట్టం సారాంశం ఇంతే. అక్కడ ఇలాంటి నగర చట్టాన్ని ఆర్డినెన్స్ అంటారు. మన గవర్నర్లు ఇచ్చే ఆర్డినెన్స్‌తో దానికి సంబంధం లేదు. ఎవరింట్లోంచీ తుపాకీ పట్టుకుపోతామని కౌన్సిల్ అనలేదు. పిల్లలున్న ఇంట్లో పురుగుమందు డబ్బా అటక మీద పెట్టమని మన పెద్దలు చెప్పే మాటకూ దీనికీ తేడా తక్కువే.

ఆ మాత్రం చెప్పే అధికారం కూడా నగరానికి లేదని పేర్లు బయటపెట్టని కొందరు నివాసులు పక్క కౌంటీ (మన జిల్లాలాంటిది) కోర్టుకెక్కారు. 2023 ఏప్రిల్‌లో జడ్జి ఆ చట్టం అమలును నిలిపేశారు.

అదే ఏప్రిల్‌లో, అదే కొలంబస్‌లో, గ్యాస్ స్టేషన్‌లో (మన పెట్రోల్ బంకు) పని చేస్తున్న ఆంధ్రప్రదేశ్ విద్యార్థి తుపాకీ కాల్పుల్లో చనిపోయాడు. ఈ చట్టం అమల్లో ఉంటే ఆ అబ్బాయి బతికేవాడని మేము అనడం లేదు. అలా అనడానికి ఆధారం లేదు. తన వీధుల్లో తుపాకీ చావులు చూస్తున్న నగరానికి కనీసం తాళం గురించి మాట్లాడే హక్కయినా ఉండొద్దా అన్నదే మా ప్రశ్న.

నిజానికి ఇలాంటి వార్త రాయడం మా డెస్క్‌కు అలవాటైపోయింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. 2023 మేలో డల్లాస్ శివారు అలెన్‌లోని మాల్‌లో ఎనిమిది మందిని కాల్చి చంపితే, వారిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఇంజినీరు ఉంది. 2024 నవంబర్‌లో చికాగో ప్రాంతంలో ఖమ్మం విద్యార్థి, 2025 అక్టోబర్‌లో డల్లాస్ ప్రాంతంలో హైదరాబాద్ విద్యార్థి చనిపోయారు. ఈ రెండూ గ్యాస్ స్టేషన్లలోనే. వార్తకు ఒక మూస తయారైపోయింది. పేరు, ఊరు, ఎమ్మెస్, పార్ట్ టైమ్ ఉద్యోగం, నవ్వుతున్న ఫొటో. మర్నాటికి తల్లి ఏడుస్తున్న ఫొటో. తెలుగు సంఘాలు విరాళాలు పోగు చేస్తున్నాయని, మృతదేహం శంషాబాద్‌కు ఫలానా రోజు వస్తుందని చివరి పేరా. ఆ తుపాకీ ఎక్కడిది, హంతకుడి చేతికి ఎలా వచ్చిందని ఆ మూసలో ఎక్కడా ఉండదు. మేమూ పెద్దగా అడిగింది లేదు.

ఒహాయో కథ కొంచెం వెనక్కి వెళ్లి చూస్తే గానీ కొలంబస్ కౌన్సిల్ విసుగు అర్థం కాదు. 2019 ఆగస్టు 4న అదే రాష్ట్రంలోని డేటన్ నగరంలో, అర్ధరాత్రి దాటాక బార్ల వీధిలో ఒకడు 100 తూటాల డ్రమ్ మ్యాగజైన్‌తో కాల్పులు జరిపాడు. పోలీసులు దగ్గర్లోనే ఉన్నారు. అర నిమిషంలో వాణ్ని పడేశారు. ఆ అర నిమిషంలోనే తొమ్మిది మంది పోయారు. ఆ రోజు సాయంత్రం కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డ జనం, మాట్లాడటానికి లేచిన గవర్నర్ మైక్ డివైన్‌ను మాట్లాడనివ్వలేదు. ‘ఏదో ఒకటి చేయండి’ అని అరుస్తూనే ఉన్నారు. ఆయన కొన్ని ప్రతిపాదనలు తెచ్చిన మాట నిజం. శాసనసభ వాటిని కదలనివ్వలేదు. మూడేళ్లు తిరిగేసరికి, 2022లో, అదే గవర్నర్ సంతకంతో వేరే చట్టం వచ్చింది. 21 ఏళ్లు నిండిన, చట్టపరంగా అనర్హత లేని ఎవరైనా పర్మిట్ లేకుండా, అంతకుముందు తప్పనిసరిగా ఉన్న ఎనిమిది గంటల శిక్షణ కూడా లేకుండా, తుపాకీని బట్టల్లో దాచుకుని తిరగొచ్చు. జనం అడిగిన ‘ఏదో ఒకటి’ అది కాదు. కొలంబస్ కౌన్సిల్ మ్యాగజైన్ల మీద పరిమితి పెట్టింది ఆ చట్టం అమల్లోకి వచ్చిన ఆరు నెలలకే.

కొలంబస్ చట్టానికి అడ్డుపడ్డ, నగరాల చేతులు కట్టే ఈ ఏర్పాటును అక్కడ ప్రీఎంప్షన్ అంటారు. రాష్ట్రం చట్టం చేసిన విషయంలో కింది ప్రభుత్వాలు వేలు పెట్టకూడదన్నది దాని అర్థం. 1981లో చికాగో శివారు ఊరు మోర్టన్ గ్రోవ్, పిస్టళ్లు ఇంట్లో ఉంచుకోవడాన్నే నిషేధించింది. దాంతో ఉలిక్కిపడ్డ తుపాకీ లాబీ, నగరాలను ఒక్కొక్కటిగా ఎదుర్కోవడం కంటే రాష్ట్ర రాజధానుల్లోనే పని ముగించడం తేలికని గ్రహించింది. ఇప్పుడు 40కి పైగా రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఈ నియమం ఉంది. ఫ్లోరిడా ఇంకో మెట్టెక్కి 2011లో శిక్షలు పెట్టింది. తుపాకులపై సొంతంగా నిబంధన చేసిన మేయరుకో కౌన్సిలరుకో 5,000 డాలర్ల దాకా వ్యక్తిగత జరిమానా పడొచ్చు, గవర్నర్ పదవి నుంచి కూడా తీసేయొచ్చు. 2018లో పార్క్‌లాండ్ స్కూల్లో 17 మందిని కాల్చి చంపాక అక్కడి నగరాలు కొన్ని కలిసి ఈ శిక్షల మీద కోర్టుకు వెళ్లాయి. 2023లో రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్షలే సరైనవంది.

కాన్సాస్ సంగతి మన పాఠకులకు మరీ దగ్గరిది. 2014లో ఆ రాష్ట్రం నగరాలు, కౌంటీల తుపాకీ నిబంధనలన్నిటినీ ఒక్క దెబ్బకు చెరిపేసింది. స్వచ్ఛందంగా తెచ్చిచ్చేవాళ్ల నుంచి తుపాకులు కొని పక్కన పెట్టే పథకానికి పన్నుల డబ్బు ఖర్చు చేయకూడదని కూడా అందులోనే రాసింది. మూడేళ్ల తర్వాత, 2017 ఫిబ్రవరిలో, అదే రాష్ట్రంలోని ఒలేతా పట్టణంలో పని ముగించుకుని స్నేహితుడితో బార్‌లో కూర్చున్న తెలుగు ఇంజినీరును, నా దేశం నుంచి వెళ్లిపో అంటూ ఒకడు కాల్చి చంపాడు. ఆ విద్వేషం గురించి అప్పుడు చాలా రాశాం, రాయాల్సిందే. ఆ ఊరి పాలకులకు తుపాకుల విషయంలో నోరెత్తే వీల్లేదన్న సంగతి మాత్రం రాయలేదు.

మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ ఇవ్వాలా వద్దా అన్నది జిల్లాలో కలెక్టరో, నగరంలో పోలీస్ కమిషనరో తేలుస్తారు. ఎన్నికల కోడ్ వస్తే లైసెన్స్ తుపాకులు కూడా చాలావరకు స్టేషన్‌లో అప్పజెప్పి రసీదు తీసుకోవాల్సిందే. ఊరి సంగతి ఊళ్లో ఉన్నవాడికి తెలుస్తుందన్న లెక్క అది. (నాటు తుపాకుల మాటెత్తితే మనమూ తలదించుకోవాలి. అది మరో రోజు.)

తలుపు కాస్త తెరిచి ఉంచితే నగరాలు ఏం చేయగలవో ఇల్లినాయ్‌లో చూశాం. 2013లో ఆ రాష్ట్రం, యుద్ధ తుపాకుల్లాంటి రైఫిళ్లను నిషేధించాలనుకునే నగరాలకు పది రోజులు మాత్రమే గడువిచ్చింది. హైలాండ్ పార్క్ నగరం ఆ గడువు ముగిసేలోగానే చట్టం చేసుకుంది. అది కోర్టుల్లో నిలబడింది కూడా. అయినా 2022 జులై 4న స్వాతంత్ర్య దినోత్సవ కవాతు మీద ఒకడు మేడ మీద నుంచి కాల్పులు జరిపి ఏడుగురిని చంపాడు. రైఫిల్ ఊరి బయట చట్టబద్ధంగా కొన్నదే. చూశారా, చట్టం ఉండి ఏం లాభమని వెక్కిరించినవాళ్లున్నారు. మేయర్ నాన్సీ రోటరింగ్ అదే సంఘటన నుంచి వేరే మాట చెప్పారు. ఊరి చట్టం చాలదు, రాష్ట్రం, దేశం కూడా చేయాలని అదే నెలలో అమెరికా సెనేట్ కమిటీ ముందుకెళ్లి అడిగారు. ఆగస్టులో నేపర్‌విల్ నగరం ఈ రైఫిళ్ల అమ్మకాన్ని నిషేధించింది. పక్కనే అరోరాలో బాలాజీ గుడి, చుట్టూ వేలాది తెలుగు ఇళ్లు ఉన్న ప్రాంతమది. 2023 జనవరిలో రాష్ట్రమంతటికీ నిషేధం వచ్చింది. దాని మీద కోర్టు గొడవలు నడిచాయి, అమెరికా సుప్రీంకోర్టు మాత్రం 2023 మేలో ఈ రెండు నిషేధాల అమలును ఆపడానికి నిరాకరించింది. ఊళ్లు ముందు నడిస్తే రాష్ట్రం వెనకాల వచ్చింది. ప్రీఎంప్షన్ చంపేసేది ఈ మొదటి అడుగునే.

ఎదుటివాళ్ల వాదన కొట్టిపారేయదగ్గది కాదు. కొలంబస్‌లో ఒక రూలు, పక్కనే ఉన్న శివారు పట్టణం డబ్లిన్‌లో ఇంకో రూలు అయితే, కారులో తుపాకీ పెట్టుకుని ఆఫీసుకు వెళ్లేవాడు ఎన్ని పొలిమేరలు గుర్తుపెట్టుకోవాలి? దారిలో తుపాకీ తీసుకెళ్లే విషయంలో రాష్ట్రమంతటా ఒకే పద్ధతి ఉండాలంటే మాకూ అభ్యంతరం లేదు. కానీ పడకగది అల్మారాకు వేసే తాళం ఏ పొలిమేరా దాటదు. పార్కింగ్‌కు, పెంపుడు కుక్కలకు, రాత్రి డీజే సౌండ్‌కు ఊరికో రూలు ఉన్నప్పుడు రాని తికమక దీనికే ఎందుకొస్తుంది? ఇక చికాగోలో ఇన్ని చట్టాలున్నా హత్యలు ఆగాయా అని అడుగుతారు. నేరాల్లో పట్టుబడ్డ తుపాకుల మీద ఆ నగరం 2017లో ఇచ్చిన నివేదిక చూస్తే సగానికి పైగా వేరే రాష్ట్రాలవి, సుమారు ఐదో వంతు పక్కనున్న ఇండియానావే. పక్కింటి గేటు బార్లా తెరిచి ఉంటే మన గేటుకు వేసిన గొళ్లెం ఎంతవరకు కాపాడుతుంది?

ఇన్ని మాటల్లో మరుగున పడేది ఇంటి లోపలి చావు. 2023లో అమెరికాలో దాదాపు 47 వేల మంది తుపాకీతో చనిపోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలే. ఆవేశపు ఘడియలో చేతికి ఏది అందుతుందన్నదే చావుబతుకులు తేలుస్తుందని, పురుగుమందు డబ్బాలు చూసిన మన పల్లెలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2024 నవంబర్‌లో అట్లాంటాలో తెలంగాణ విద్యార్థి ఒకరు పుట్టినరోజు నాడే, తన తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా పేలి చనిపోయాడు. చదువుకోవడానికి వెళ్లిన పిల్లాడి గదిలో కూడా తుపాకీ ఉందంటే, అది ఇక ఎవరో తెల్లవాళ్ల సమస్య కాదు. అదే జార్జియా రాష్ట్రంలోని సవన్నా నగరం ఆ ఏడాదే, తాళం వేయని కారులో తుపాకీ వదిలి వెళ్తే జరిమానా అని చట్టం చేసింది. కార్లలోంచి పోతున్న తుపాకుల్లో ఎక్కువ భాగం తాళం వేయనివాటిలోంచే అని పోలీసులు లెక్క చూపించారు. ఇది చెల్లదని రాష్ట్ర అటార్నీ జనరల్ లేఖ రాశారు.

అక్కడి తెలుగువాళ్లలో పౌరసత్వం, ఓటు ఉన్నవాళ్లు ఇప్పుడు తక్కువేమీ లేరు. శవపేటిక పంపడానికి ఒక్క రాత్రిలో వేల డాలర్లు పోగుచేసే శక్తి మన సంఘాలకు ఉంది. ఆ శక్తిలో కొంత నగర కౌన్సిల్ మీటింగ్‌కు వెళ్లి మైకు ముందు మూడు నిమిషాలు నిలబడటానికి వాడాలి. చాలా ఊళ్లలో ఆ మూడు నిమిషాలకు పౌరసత్వం కూడా అడగరు. పేరు రాసిస్తే చాలు. కౌన్సిల్ ఒప్పుకున్నా అడ్డం పడేది రాష్ట్ర శాసనసభ కాబట్టి, అక్కడి సభ్యులు మన కన్వెన్షన్లకు అతిథులుగా వచ్చినప్పుడు శాలువా కప్పే ముందే ఒక మాట అడగాలి: తుపాకీకి తాళం వేయమని చెప్పే అధికారం మా ఊరికి ఇస్తారా, లేదా?