గాలి తిని బలిసిన కుక్క

"అది అసలు ఏమీ తినదు అన్నయ్యగారూ."

చిన్న కుక్కను పెంచే ఇంటికి వెళ్తే మంచినీళ్లకంటే ముందు వచ్చేది ఈ మాటే. మొన్న మా స్నేహితుడి ఇంట్లోనూ అంతే. సోఫా పక్కన ఏదో దిండు పడి ఉందనుకున్నాను. కాసేపటికి ఆ దిండు దగ్గింది. 5 కిలోలు ఉండాల్సిన కుక్క 7 కిలోలుంది. మనిషి లెక్కలో చెప్పాలంటే 70 కిలోలవాడు 98కి చేరినట్టు. ఏమీ తినకుండానే! శూన్యంలోంచి పదార్థం పుట్టదని బళ్లో చెప్పిన మాస్టారు ఈ ఇంటికి రాలేదు కాబోలు.

నేను కూర్చున్నది గంటసేపు. టీ వచ్చింది. మావాడు బిస్కెట్ విరిచి సగం కిందికి జార్చాడు. "ఒక్క ముక్కేగా." కొడుకు ఫోన్ మీంచి తల ఎత్తకుండానే చీజ్ స్లైస్ అందించాడు. పాప కుర్చీ కిందినుంచి ఆమ్లెట్ రవాణా చేసింది. తాతయ్యగారు బ్రెడ్డు అంచులు దానికోసమే దాచి ఉంచారట. ఇంటావిడ విటమిన్ బిళ్లను వెన్నలో పొదిగి మింగించింది, మందు కాబట్టి అది తిండి కింద రాదు. ఎవరికి వాళ్లు తానొక్కరే పెడుతున్నామన్న నమ్మకంతో ఉన్నారు. కుక్క మాత్రం మామూళ్లు వసూలు చేసే గుమాస్తాలా ఒక్క గుమ్మమూ వదలకుండా రౌండ్ పూర్తి చేసింది. (ఇంట్లో ఉన్నది ఐదుగురు, పడ్డ ముక్కలు ఆరు. ఆ ఆరోది ఎవరు వేశారన్నది ఇక్కడ అప్రస్తుతం.) చివరికి తన గిన్నె దగ్గరికి వెళ్లి, డాగ్ ఫుడ్‌ను వాసన చూసి, మూతి తిప్పుకుంది.

"చూశారా? ముట్టదు!"

ఇంటిపట్టునే ఉండే 5 కిలోల కుక్కకు రోజంతటికీ 300 నుంచి 375 కేలరీలు చాలు. చిరుతిళ్లు అందులో పదో వంతు దాటకూడదు. ఆ కోటా అర చీజ్ స్లైస్‌తోనే సరి. మరి వాకింగో? రోజూ తీసుకెళ్తారట, చంకనెత్తుకుని. మావాడు 3 కిలోలు తగ్గాడు.

డాక్టరు బరువు ఎక్కువంటే "బొచ్చు అండీ" అన్నారట. బొచ్చో కొవ్వో తేల్చడానికి మిషన్ అక్కర్లేదు. మన అరచేతిని చాచి దాని వెనకవైపు తడిమితే ఎముకలు ఎలా తగులుతాయో, కుక్క పక్కటెముకలు అలా తగలాలి. పైనుంచి చూస్తే నడుము సన్నబడాలి. నేను తడిమి చూశాను. వేళ్లు మెత్తగా దిగాయి, ఎముక మాత్రం దొరకలేదు.

ఇంతలో అది సోఫా ఎక్కబోయింది. ముందుకాళ్లు అంచు మీద పెట్టి, పైకి చూసి, మళ్లీ దింపేసుకుంది. అందరూ నవ్వారు. ఆ ఆయాసానికి బాతు అరిచినట్టు దగ్గింది. పాప వీడియో తీసింది.

అది మిమిక్రీ కాదండీ! చిన్న జాతుల్లో శ్వాసనాళం బలహీనపడి నొక్కుకుపోతే వచ్చే దగ్గు అలాగే ఉంటుంది, కొవ్వు దాన్ని ఇంకా ముదరబెడుతుంది. మోకాళ్లూ వెన్నూ ఆ బరువు మోయలేక మూలుగుతుంటే "బొద్దుగా ఉంది, ముద్దుగా ఉంది" అంటారా? అది ఫ్రిజ్ తలుపు తీసుకోలేదు. డబ్బా మూత తిప్పుకోలేదు. దాని నోట్లో పడ్డ ప్రతి ముక్కా మీ చేతిలోంచే పడింది. 48 లాబ్రడార్ల మీద జీవితకాలం సాగి 2002లో అచ్చయిన పరిశోధనలో, పావు వంతు తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. రెండేళ్లు! మీ "ఒక్క ముక్క" ఖరీదు అది.

గొంతు తగ్గించుకుని చెప్పాను. రోజు తిండి గ్రాముల్లో తూచి ఒకే డబ్బాలో పొయ్యండి, ఎవరు ముద్దు చేసినా అందులోంచే తియ్యాలి. వారానికి 70 నుంచి 140 గ్రాములు తగ్గితే చాలు, పస్తులు పెట్టొద్దు. తూచి పెట్టినా తగ్గకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించండి. ఇంటావిడ శ్రద్ధగా కాగితం మీద రాసుకుంది.

వారం తిరక్కుండా ఫోన్ చేసింది. త్రాసు కొన్నారట, పొద్దునా సాయంత్రం తూచే పెడుతున్నారట.

"ఒక్క డౌటు అన్నయ్యగారూ. బిస్కెట్లు కూడా తూచాలా?"