ముడి వేయడం రాని చేతిలో వెయ్యి రూపాయల లూర్ పెట్టకండి

మన వైజాగ్‌లో గాలం పట్టే కుర్రాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఆదివారం తెల్లవారుజామున తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గర చూడండి, జోడుగుళ్లపాలెం వైపు చూడండి, భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోట చూడండి. కొత్త రాడ్లు, కొత్త రీళ్లు, నడుముకు సంచులు. చూస్తే ముచ్చటేస్తుంది. ఫోన్ పక్కన పెట్టి పొద్దున్నే సముద్రం ముందు నిలబడే అలవాటు ఎవరికైనా మంచిదే. కానీ దగ్గరకు వెళ్లి దారం చివర ఏం కట్టారో చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. లూర్ (చేపను మోసగించే కృత్రిమ ఎర) మంచిదే ఉంటుంది, డబ్బు బాగానే పెట్టి ఉంటారు. దాన్ని కట్టిన తీరు మాత్రం పూర్తిగా తప్పు.

ఆ తప్పు పిల్లలది కాదు. వాళ్లకు ఎవరూ చెప్పలేదు. అమ్మేవాళ్లు అమ్మి పంపేస్తారు. వీడియోలు తీసేవాళ్లు చేప పడ్డ క్షణం చూపిస్తారు, ముడి వేసిన ఐదు నిమిషాలు కత్తిరించేస్తారు. ఇక నేర్చుకునేవాడికి తెలిసేదల్లా ఏ కంపెనీ, ఏ రంగు, ఎంత రేటు. నాలుగైదు లూర్లు రాళ్లకు పోగొట్టుకుని, ఒక్క చేపా పడక, "మన తీరంలో చేపల్లేవు బ్రో" అని రాడ్ అటకెక్కించేస్తాడు. నా బాధంతా అదే. సూటిగా చెబుతున్నాను: కొత్తవాళ్లకు చేప పడటం, పడకపోవటం లూర్ ధరను బట్టి ఉండదు. లూర్‌కు పైనున్న రెండు మూరల దారాన్ని బట్టి ఉంటుంది.

ముందు ఆ స్టీల్ తీగ సంగతి. నగరంలో ఒక దుకాణంలో ఏ లూర్ కొన్నా దాంతోపాటు జానెడు వైర్ లీడర్ (అసలు దారానికీ లూర్‌కూ మధ్య కట్టే గట్టి ముక్కను లీడర్ అంటారు, ఇక్కడ అది స్టీల్ తీగ), దానికి ఒక పక్క లావుపాటి స్వివెల్ (దారం మెలిపడకుండా గిర్రున తిరిగే లోహపు కీలు), మరో పక్క స్నాప్ (లూర్ తగిలించే క్లిప్పు), అన్నీ కలిపి చేతిలో పెడుతున్నారు. "ఇది వేస్తే తెగదు" అంటారు. నిజమే, తెగదు. కానీ ఆ తీగ కావాల్సింది కోనాం (వంజరం) చేపకి, బారకూడాకి. వాటి పళ్లు దారాన్ని ఒక్క కొరుకుతో తెంపేస్తాయి కాబట్టి. పార చేపకి, పండుగప్పకి అలాంటి పళ్లుండవు. పండుగప్ప నోరు గరుకుగా ఉంటుంది, మొప్పల మూత అంచు బ్లేడులా కోస్తుంది. దానికి 30, 40 పౌండ్ల బరువు తట్టుకునే మోనో (ఒకే పోగు నైలాన్ దారం) గానీ ఫ్లోరోకార్బన్ గానీ లీడర్‌గా వేస్తే సరిపోతుంది. ఏ చేప కోసం వెళ్తున్నావని ఒక్క మాట అడక్కుండా అందరికీ అదే తీగ అంటగట్టడం నాకు అస్సలు నచ్చదు.

తీగ వల్ల, ఆ ఇనుప సామాను వల్ల అసలు నష్టం లూర్ నడకకు జరుగుతుంది. ముక్కు కింద చిన్న ప్లాస్టిక్ నాలుక ఉండే లూర్లు మీ దగ్గర ఉండే ఉంటాయి. 1936లో ఫిన్లాండ్‌లో లారి రాపాలా అనే జాలరి బెరడు చెక్కి, దానికి చాక్లెట్ రేకు చుట్టి, ఫొటో నెగెటివ్‌లు కరిగించి పైన పూత వేసి తన మొదటి లూర్ చేసుకున్నాడు. గుంపులో ఎన్ని చిన్న చేపలున్నా, దెబ్బతిని ఒరుగుతూ ఈదే దాన్నే పెద్ద చేప వెతికి కొడుతోందని ఆయన కళ్లారా చూశాడు. ఆ ఒరుగుడును బెరడు ముక్కలోకి తీసుకురావడానికే ఆయన అంత కష్టపడ్డాడు. ఆ కంపెనీ లూర్లు ఇవాళ మన ఊళ్లోనూ దొరుకుతున్నాయి. అలాంటి లూర్ ముక్కుకు బరువైన స్వివెల్ తగిలిస్తే ముక్కు కిందకి వాలిపోతుంది, ఊపు చచ్చిపోతుంది. ఆ ఊపు కోసమే కదా మనం డబ్బిచ్చింది!

అలాంటి లూర్‌కు లూప్ ముడి వేయండి. లీడర్ కొస నుంచి జానెడు లోపల ఒక మామూలు ముడి వదులుగా వేసుకోవాలి. కొసను లూర్ ముక్కు రింగులోంచి పోనిచ్చి, వెనక్కి తెచ్చి, ఆ వదులు ముడిలోంచి బయటికొచ్చిన వైపు నుంచే మళ్లీ లోపలికి దూర్చాలి. తర్వాత అసలు దారం చుట్టూ నాలుగు చుట్లు తిప్పి, కొసను మరోసారి అదే ముడిలోంచి తీసి, తడిపి, నెమ్మదిగా బిగించాలి. ముక్కు దగ్గర చిటికెన వేలి గోరంత లూప్ మిగలాలి. లూర్ అందులో స్వేచ్ఛగా ఊగుతుంది. ముడి కుదిరేదాకా చిన్న స్నాప్ ఒక్కటి వాడుకున్నా తప్పులేదు, స్వివెల్ లేని స్నాప్ మాత్రమే. స్పూన్లకు, స్పిన్నర్లకు (మెరిసే లోహపు రేకు లూర్లకు) లెక్క వేరు. అవి నీళ్లలో గిర్రున తిరిగి దారాన్ని మెలిపెట్టేస్తాయి, కాబట్టి వాటికి స్వివెల్ ఉండాల్సిందే.

తడిపి అన్నాను కదా, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. పెదజాలారిపేటలో ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపి చెప్పిన మాట ఇది: "ఏటి బాబూ, పొడి మీద లాగేస్తన్నావు? ఉమ్ము రాయి. లేపోతే దారం కాలిపోద్ది." అక్షరాలా నిజం. నైలాన్ దారం పొడిగా ఒరుసుకుంటూ బిగుసుకుంటే ఆ రాపిడి వేడికి అక్కడే బలం తగ్గిపోతుంది. పైకి ముడి అందంగానే కనిపిస్తుంది, చేప గట్టిగా లాగినప్పుడు సరిగ్గా అక్కడే తెగుతుంది. తెగి వచ్చిన కొసను ఒకసారి వేళ్ల మధ్య పెట్టి చూడండి. ముడి జారిపోయి ఉంటే కొస ఉంగరాలు తిరిగి ఉంటుంది. రాయికి ఒరుసుకుని తెగితే పీచుపీచుగా, గరుకుగా ఉంటుంది. ఎందుకు పోయిందో ఆ కొసే చెబుతుంది, "బ్యాడ్ లక్" అనుకుని కొత్త లూర్ కట్టేసేముందు దాన్ని చూడండి.

ఇప్పుడు అందరూ బ్రెయిడ్ వేస్తున్నారు. సన్నగా ఉంటుంది, దూరం పోతుంది, చేప తాకితే చేతికి వెంటనే తెలుస్తుంది. మంచిదే. కానీ అది అల్లిన నున్నటి దారం, జారుతుంది. మోనోకి వేసే క్లించ్ ముడినే బ్రెయిడ్‌కీ వేస్తే జారి ఊడి వచ్చేస్తుంది. విడి హుక్‌కో, జిగ్ హెడ్‌కో (తల దగ్గర సీసం గుండు ఉన్న హుక్) నేరుగా కట్టాలంటే పాలోమార్ ముడి వేయండి. దారాన్ని రెండు పేటలుగా మడిచి రింగులోంచి పోనిచ్చి, ఒక సాదా ముడి వేసి, ఆ మడత లూప్‌లోంచి హుక్ మొత్తాన్ని దాటించి బిగించడమే. రెండు ట్రెబుల్ (మూడు మొనల) హుక్కులున్న లూర్‌ను అలా దాటించబోతే వేళ్లకు గుచ్చుకుంటాయి, దానికి పైన చెప్పిన లూప్ ముడే మేలు. బ్రెయిడ్‌కి లీడర్ కలపడానికి అందరూ ఎఫ్‌జీ ముడి అంటూ హడావుడి చేస్తారు. గొప్ప ముడే, కాదనను. గాలి కొడుతుంటే రాళ్ల మీద నిలబడి కొత్తవాడు దాన్ని వేయలేడు. డబుల్ యూని నేర్చుకోండి, బ్రెయిడ్ వైపు చుట్లు ఎక్కువ వేయండి, చాలు. లీడర్ రెండు మూరలు మించనివ్వకండి, ఆ అతుకు ముడి రాడ్ రింగుల బయటే ఉంటుంది, విసిరేటప్పుడు తగులుకోదు.

ఇంట్లో కూర్చుని ప్రాక్టీస్ చేయండి. కిటికీ ఊచకు కట్టి, చేతికి గుడ్డ చుట్టుకుని లాగండి. వట్టి చేత్తో బ్రెయిడ్ లాగితే వేలు తెగుతుంది, జాగ్రత్త.

ఇక రబ్బరు లూర్. మొదలుపెట్టేవాళ్లకు ఇంతకంటే మంచి ఎర లేదని నా గట్టి నమ్మకం. చవక, పోయినా గుండె బద్దలవదు, అన్ని రకాల చేపలూ కొడతాయి. అయితే నేను చూసిన వాటిలో సగానికి పైగా వంకరగా ఎక్కించినవే. వంకరగా ఉన్న రబ్బరు చేప నీళ్లలో ఈదదు, బొంగరం తిరుగుతుంది. చేప దాని జోలికి రాదు, పైగా దారమంతా మెలికలు పడుతుంది.

కాబట్టి గుచ్చే ముందు కొలవండి. జిగ్ హెడ్‌ను రబ్బరు చేప పక్కన పెట్టండి, సీసం గుండు వెనక అంచు చేప ముక్కుకు సమానంగా ఉండాలి. హుక్ వంపు తిరిగే చోటు చేప వీపు మీద ఎక్కడికి వస్తుందో గోటితో గుర్తు పెట్టండి. ఇప్పుడు హుక్ మొనను ముక్కుకు సరిగ్గా నడిమధ్యలో దించండి. హుక్‌ను తోయకండి. హుక్‌ను కదలకుండా పట్టుకుని, రబ్బరునే కొద్దికొద్దిగా వంపు మీదుగా ఎక్కిస్తూ రండి. గోటి గుర్తు దగ్గరికి రాగానే మొనను వీపు మధ్య గీత మీద బయటికి తీయండి. గుండు వెనకున్న చిన్న ముల్లు దాటేదాకా ముక్కును నెట్టి, కావాలంటే అక్కడ ఒక చుక్క ఫెవిక్విక్ వేయండి. ఆ తర్వాత దారం పట్టి కంటి ఎత్తుకు లేపి ముందు నుంచి చూడండి, పై నుంచి చూడండి. ముక్కు దగ్గర రబ్బరు కుచ్చిళ్లు పడినా, తోక ఒక పక్కకు లాగినా తీసేసి, అదే ముక్కు రంధ్రంలోంచి మళ్లీ ఎక్కించండి. బకెట్ నీళ్లలో ఒక్కసారి లాగితే తోక కొట్టుకోవడం కళ్ల ముందే కనిపిస్తుంది. ఇదంతా రెండు నిమిషాల పని. దయచేసి ఆ రెండు నిమిషాలు పెట్టండి. (ఇంకొకటి, రకరకాల రబ్బరు లూర్లను ఒకే డబ్బాలో కలిపి పెట్టకండి, కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి.)

జిగ్ హెడ్ బరువు విషయంలో కొత్తవాళ్లు ఎప్పుడూ ఎక్కువకే పోతారు, దూరం పడుతుందని. రాళ్ల దగ్గర బరువైనది నేరుగా సందులోకి దిగి ఇరుక్కుంటుంది. అడుగు తగిలినట్టు చేతికి తెలియాలి, అందులో ఎంత తేలికైతే అంత మంచిది. అలలు గట్టిగా ఉన్న రోజు మాత్రం కొంచెం పెంచుకోవచ్చు. మీ రాడ్ పిడి పైన ఎన్ని గ్రాముల నుంచి ఎన్ని గ్రాముల లూర్ వేయొచ్చో రాసి ఉంటుంది. అది చదవకుండానే బరువులు కట్టి, రాడ్ విరిగితే కంపెనీని తిట్టడం న్యాయం కాదు.

చెరువుల్లో కొర్రమేనుకు వెళ్లేవాళ్లకూ ఒక మాట. తామరాకులు, నాచు ఉన్న చోట బోలు కప్ప లూర్ వేస్తారు కదా, దాని రెండు హుక్ మొనలూ ఒంటికి ఆనుకుని ఉండాలి. మొనలు పైకి లేచి ఉంటే ప్రతి ఆకుకూ తగులుకుంటుంది, మరీ లోపలికి నొక్కుకుపోతే చేప నోట్లో దిగదు. రబ్బరు పురుగు వాడేవాళ్లు ఆఫ్‌సెట్ హుక్‌కి (మెడ దగ్గర మెలిక ఉన్న హుక్) ఎక్కించి, మొనను పై పొర కింద కొద్దిగా దాచండి. నీళ్లు ఎగజిమ్మగానే లాగేయకండి, చేప కప్పను నోట్లోకి తీసుకుని బరువు తెలిసేదాకా ఒక్క క్షణం ఆగండి. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కనిపిస్తే మాత్రం అక్కడ వేయొద్దు. తల్లీతండ్రీ వాటికి కాపలా ఉండి, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ కొడతాయి, అందుకే అక్కడ సులువుగా పడుతుంది. వాటిని తీసేస్తే ఆ పిల్లల్ని మిగతా చేపలు తినేస్తాయి. దీన్ని గొప్పగా ఫొటో పెట్టుకునేవాళ్లంటే నాకు నిజంగా కోపం.

చవక లూర్లతో వచ్చే ట్రెబుల్ హుక్కులు మెత్తవి, మంచి పార లాగితే సాగిపోతాయి. స్ప్లిట్ రింగ్ ప్లైయర్ (హుక్‌ను లూర్‌కు పట్టి ఉంచే చిన్న రింగును తెరిచే పట్కారు) ఒకటి కొనుక్కుని హుక్కులు మార్చుకోండి. నన్నడిగితే కొత్తవాళ్లు ట్రెబుల్స్ తీసేసి సింగిల్ హుక్కులు వేసుకుని, హుక్ మొన వెనక ఉండే ముల్లును ప్లైయర్‌తో నొక్కేయాలి. బరువు మారితే తేలే లూర్ మునగొచ్చు, నీళ్లలో ఒకసారి వేసి చూసుకోండి. ముల్లు నొక్కితే చేప జారిపోతుందని వాదిస్తారు. దారం బిగువుగా ఉంచితే జారదు. పైగా ఆర్కే బీచ్ లాంటి చోట వెనక పిల్లలు ఆడుకుంటుంటారు, ఐస్‌క్రీం బండ్లు తిరుగుతుంటాయి. ముల్లున్న ట్రెబుల్ ఎవరి చెంపకో దిగితే పరిస్థితి ఏంటి? విసిరే ముందు వెనక్కి తిరిగి చూడటం కూడా ఈ పనిలో భాగమే. ముల్లు దాకా లోపలికి దిగితే లాగొద్దు, దారం కోసేసి నేరుగా ఆస్పత్రికి వెళ్లండి, టెటనస్ ఇంజెక్షన్ సంగతి అడగండి.

కోసిన దారం ముక్కల గురించి బతిమాలి చెబుతున్నాను. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఇసుకలో పడేసిన నైలాన్ వాటి కాళ్లకు, మెడకు చుట్టుకుంటుంది. అది కుళ్లేది కాదు. ముక్క ఎంత చిన్నదైనా జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి.

అమ్మేవాళ్లకు నా విన్నపం ఒక్కటే. కొత్త కుర్రాడు వచ్చినప్పుడు మూడో లూర్ అమ్మే బదులు కౌంటర్ మీదే ఒక ముడి వేసి చూపించండి. వాడికి చేప పడితే మళ్లీ మీ దగ్గరికే వస్తాడు. వీడియోలు తీసే తమ్ముళ్లూ, చేతులు దగ్గరగా పెట్టి, నెమ్మదిగా, తెలుగులో ముడి చూపించండి, వ్యూస్ తక్కువొస్తే రానివ్వండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఉన్న డబ్బులో ముందు మంచి లీడర్ దారం ఒక రీలు, రెండు మూడు బరువుల జిగ్ హెడ్లు, ఒకే రకం రబ్బరు చేపల ప్యాకెట్, ప్లైయర్, కత్తెర కొనుక్కోండి. మిగతావన్నీ ఆగుతాయి.

రేపు పొద్దున్న వెళ్లేవాళ్లు ఒకటి చేయండి. చేప పడ్డాక గానీ, రాయికి తగిలి వచ్చాక గానీ, లూర్‌కు పైనున్న దారాన్ని తడి వేళ్లతో ఒక మూర పొడవునా తడిమి చూడండి. ఎక్కడైనా గరుకు తగిలితే అక్కడికి కోసేసి కొత్తగా కట్టండి. పక్కవాడికి చేపలు తెగ పడుతున్నా సరే, ముందు కట్టండి, తర్వాతే విసరండి. ముడి దగ్గర సందేహం ఉంటే ఫొటో తీసి కింద కామెంట్‌లో పెట్టండి, నాకు తెలిసినంతలో చెబుతాను.